కాళ్ళ బందం

పిల్లల్ని వరసగా నిలబెట్టమంది పెరిజాత్ గారు. నిలబడగలిగిన పిల్లలైతే మా వికలాంగ పిల్లల ఇంటికి ఎందుకు వస్తారని మా డైరెక్టరు జోల్దోష్ గారు ఆవిణ్ణి అడగలేదు. ఆయన పెద్దవాళ్ళని ఏమీ అడగరు. ఆయాల వైపు చూసి చెయ్యి ఊపారు, అంతే. వాళ్ళు పన్నెండుమందిని తీసుకొచ్చి, కొందరిని చక్రాల కుర్చీల్లో, కుర్చీలు చాలని వాళ్ళని బెంచీ మీద కూర్చోబెట్టి, ముందుకి పడకుండా నడుముకి తువ్వాళ్ళు చుట్టి కట్టారు.

పెరిజాత్ గారు రాజధాని బిష్కెక్‌లో ఉంటుంది. 'వెచ్చని అరచేయి' అనే సేవాసంస్థ ఆవిడదే. మంచు కరిగి దారి బాగుపడ్డాక ఏడాదికొకసారి మా వైపు వస్తుంది. పోయినేడు పది వాకర్లు ఇచ్చి వెళ్ళింది. విరిగితే తన మెడకి చుట్టుకుంటుందని డైరెక్టరు వాటిని సామాన్ల గదిలో పెట్టి తాళం వేశారు. ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చినప్పుడు బయటికి తీస్తారు, దుమ్ము తుడుస్తారు, సాయంత్రానికి మళ్ళీ లోపల పెడతారు. ఆ రోజూ తీశారు. ఆవిడ వాటి పిడులు పట్టుకుని చూసి ముచ్చటపడింది.

"ఎంత జాగ్రత్తగా వాడుతున్నారో! ఏడాదైనా కొత్తవాటిలాగే ఉన్నాయి."

"పిల్లలకి అదే నేర్పుతాం మేడమ్," అన్నారు డైరెక్టరు.

బట్టలుతికే సోనున్ అక్క నా వెనకే నిలబడి ఉంది. "నిజమే, ముట్టుకోకపోవడం బాగా నేర్పాం," అని నా చెవిలో అంది.

ఆ ఏడు పెరిజాత్ గారు కొత్త ఆలోచనతో వచ్చింది. మా ఇంట్లో బందం కోత చేయిస్తుందట. బిడ్డ మొదటి అడుగులు వేసినప్పుడు మావాళ్ళు ప్రతి ఇంట్లో చేసేదే అది. నల్ల ఉన్నీ తెల్ల ఉన్నీ కలిపి పేనిన తాడుతో బిడ్డ రెండు కాళ్ళకీ బందం వేస్తారు. దూరం నుంచి పందెం పెట్టి పరిగెత్తిస్తారు. ముందు వచ్చినవాళ్ళు తాడు కోస్తారు. కోసిన మనిషి నడకే బిడ్డకి వస్తుందని నమ్మకం. మా ఇంట్లో పిల్లలకి ఆ వేడుక ఎవరూ చెయ్యలేదు. మొదటి అడుగు ఎప్పుడు పడుతుందా అని కనిపెట్టుకుని కూర్చునే మనిషి ఉంటేనే ఆ తాడు పేనడం జరుగుతుంది.

"ఎవరికి చేద్దాం?" అని ఆవిడ వరస మొదటినుంచి చివరిదాకా నడిచింది. "పెద్ద కళ్ళుండాలి. కెమెరాకి కళ్ళే ముఖ్యం."

నేను ఒక అడుగు ముందుకేశాను. "అయిజిరెక్‌కి చేద్దామండీ. ఈ పిల్ల నడుస్తుంది."

"నడుస్తుందా?"

"ఏడు అడుగులు. ఎవరూ పట్టుకోకుండా."

పెరిజాత్ గారు వంగి అయిజిరెక్ ముఖంలోకి చూసింది. అయిజిరెక్ నోరు ఎడమవైపు లాగినట్టుంటుంది. కొత్తవాళ్ళని చూస్తే సంతోషపడుతుంది. సంతోషపడితే చొల్లు ఎక్కువ కారుతుంది. ఆవిడ చీలమండ దాకా ఉన్న తెల్లకోటు అంచు వెనక్కి లాక్కుని, నిటారుగా నిలబడింది.

"పాపం, బంగారుతల్లి. కానీ టీచర్ గారూ, మీకు మా పని తెలీదు. చూసేవాళ్ళకి జాలి పుట్టాలి, భయం పుట్టకూడదు. రెండింటికీ మధ్య సన్నటి గీత ఉంటుంది. పదిహేనేళ్ళుగా నేను ఆ గీత మీదే నడుస్తున్నాను."

"పదిహేనేళ్ళుగా గీత మీద పడకుండా నడుస్తోందట, ముందు ఈవిడకే బందం కొయ్యాలి," అంది సోనున్ అక్క, ఈసారి కొంచెం గట్టిగానే. డైరెక్టరు దగ్గారు.

జూన్ మూడుకి అయిజిరెక్‌కి పదేళ్ళు నిండుతాయి. మా దగ్గర పదేళ్ళు నిండబోయే ప్రతి బిడ్డనీ జిల్లా నుంచి కమిషన్ వచ్చి చూస్తుంది. చదువు వస్తుందని రాస్తే ఇక్కడే ఉంటారు. రాదని రాస్తే కనుమ అవతల ఉన్న ఇంటికి పంపుతారు. అక్కడ పిల్లలు పడుకునే ఉంటారు. లేపే మనుషులు లేరు. మా ఆయాలు ఆ ఇంటి పేరు ఎత్తరు, కనుమ అవతల అంటారు.

అంతకుముందు ఏడు మార్చిలో బయేల్ వెళ్ళాడు. చెంచా పట్టుకుని తన అన్నం తను తినడం నేర్పడానికి వాడికీ నాకూ పద్నాలుగు నెలలు పట్టింది. పిడికి గుడ్డ చుట్టిన ఆ చెంచా వాడి సంచిలో పెట్టి పంపాను. కమిషన్ వచ్చిన రోజు భోజనం వేళ దాటిపోయింది కాబట్టి వాడు తినడం ఎవరూ చూడలేదు. కనుమ అవతల నుంచి జూలైలో ఒక కాగితం వచ్చింది. చనిపోయిన కారణం దగ్గర ఊపిరితిత్తులు అని రాసి ఉంది. వాడి పేరులో ఒక అక్షరం తప్పు పడింది.

అయిజిరెక్ బట్టలుతికే పెరట్లో నడక నేర్చుకుంది. మొదట వాకర్లు లేవు, వచ్చాక తాళంలో ఉన్నాయి, బట్టలారేసే తీగలకి మాత్రం తాళం లేదు. ఆ తీగలు పిల్ల గుండెలంత ఎత్తున కడితే పట్టుకుని నడవొచ్చని కనిపెట్టింది సోనున్ అక్కే. తనకి నడుం వంచి దుప్పట్లు ఆరెయ్యడం కష్టమైనా రెండు తీగలు కిందికి దించి కట్టింది. మూడేళ్ళపాటు ప్రతి మధ్యాహ్నం తడి దుప్పట్ల మధ్య ఆ పిల్ల తల ఒక గుంజ నుంచి ఇంకో గుంజకి కదిలేది. చలికాలంలో దుప్పట్లు రేకుల్లా గడ్డకట్టి ఉండేవి. వాటిని తలతో నెట్టుకుంటూ వెళ్ళేది. ఏప్రిల్‌లో ఒకరోజు తీగ వదిలి, గుంజ నుంచి బట్టల తొట్టిదాకా వెళ్ళి, తొట్టిలో పడింది. నీళ్ళలోంచి తీస్తుంటే తనకి వచ్చిన ఒకేఒక్క మాట అంది. "ఇంకా."

ఆ సాయంత్రమే సోనున్ అక్క ఉన్ని తెచ్చి తాడు పేనడం మొదలుపెట్టింది. ఎవరి కోసమని నేను అడగలేదు.

పెరిజాత్ గారికి మా పన్నెండుమందిలో ఎవరూ నచ్చలేదు. పెద్ద కళ్ళున్నవాడు తల నిలపలేడు. తల నిలిపేవాడికి గ్రహణం మొర్రి. ఆవిడ కారెక్కుతూ డైరెక్టరుతో, "ఎవరినైనా చూసి ఉంచండి జోల్దోష్ గారూ. చిన్నపిల్లాడైతే మంచిది. మే ఇరవై రెండుకి టీవీవాళ్ళని కూడా తెస్తాను," అంది.

డైరెక్టరు చూసి ఉంచారు. మా వంటమనిషి ఉమ్సునాయ్ మనవడు ఎల్దార్‌కి పదమూడు నెలలు. ఎర్రటి బుగ్గలు, ఒంటెపిల్లకి ఉన్నట్టు పొడుగాటి రెప్పలు. అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తున్నాడు. వాడికి తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, అమ్మమ్మా నానమ్మా ఇద్దరూ ఉన్నారు, ఒక కుక్క కూడా ఉంది.

"అరగంట పని ఉమ్సునాయ్," అన్నారు డైరెక్టరు వంటింట్లో నిలబడి. "నీ మనవడికి ఎలాగూ బందం కోత చెయ్యాలి కదా. గొర్రె మాది, పాట మాది, కెమెరా మాది. నీకేం ఖర్చు?"

"మరి వాణ్ణి అనాథ అంటారు కదండీ?"

"అరగంట సేపు అంటారు."

"వాళ్ళమ్మ వింటే నన్ను కుండలో వేసి ఉడకబెడుతుంది."

"టీవీలో వస్తాడే!"

ఉమ్సునాయ్ పిండి చేతులు ముక్కుకి రాసుకుని ఆలోచించింది. టీవీ అనేసరికి మెత్తబడింది. నేను అక్కడే ఉన్నాను. డైరెక్టరు నా వైపు తిరిగి, "మీరు మొహం అలా పెట్టకండి బురుల్ గారూ. ఎవరికి నష్టం చెప్పండి?" అన్నారు.

"ఆ రోజే కమిషన్‌ని కూడా రమ్మన్నారటగా?"

"అవును. డాక్టర్ కెమెల్ గారు ఎప్పుడూ భోజనానికే వస్తారు కదా. ఒక్క గొర్రెతో ఇద్దరు అతిథులూ అయిపోతారు."

ఆయన సంసారం నడిపే పద్ధతి అది. అయినా ఆ మాట నాకు ఉపయోగపడుతుందనుకున్నాను. కమిషన్ డాక్టరు అదే పెరట్లో ఉంటాడు. వేడుక అవగానే అయిజిరెక్ ఆయన ముందు ఏడడుగులు వేస్తే చాలు. నడిచే పిల్లని పడుకోబెట్టే ఇంటికి ఎలా పంపుతాడు? అప్పటికి నేను అలాగే అనుకున్నాను.

మే ఇరవై రెండున పొద్దున్నే రెండు కార్లు, ఒక వ్యాను వచ్చాయి. మా ఆయాలకి కొత్త గౌన్లు ఇచ్చారు, వేడుక అయ్యాక తిరిగి ఇచ్చెయ్యాలని చెప్పి. పిల్లలందరికీ సంస్థ గుర్తు వేసిన పసుపు టోపీలు పెట్టారు. ఎండకి అవి మంచివే. వాకర్లు బయటికి వచ్చి గోడవారన నిలబడ్డాయి. వాటికి బెలూన్లు కట్టారు.

డాక్టర్ కెమెల్ వచ్చి, మాంసం ఉడికే వాసన వస్తున్న వైపు చూసి, సరాసరి డైరెక్టరు గదిలోకి వెళ్ళిపోయాడు. తలుపు వేసుకున్నారు. మొదట నూనెలో వేయించిన బూర్సోకులు, తర్వాత పులిసిన గుర్రం పాలు, కుమిస్, లోపలికి వెళ్ళాయి. ఆయన కిటికీ పెరటివైపు లేదు.

"చూశావా టీచరమ్మా," అంది సోనున్ అక్క. "నీ సాక్షి గిన్నెలో తల పెట్టాడు. సాయంత్రందాకా తియ్యడు."

"తీసేదాకా ఆగుదాం."

"ఆగు. నేను మాత్రం కట్టాల్సింది కట్టేస్తాను."

అయిజిరెక్‌ని తను రెండో వరసలో కూర్చోబెట్టింది. వంగి మోకాళ్ళ మీద దుప్పటి సర్దుతున్నట్టు చేసి, ఆ దుప్పటి కింద చీలమండలకి నలుపు తెలుపు తాడు వేసింది. అయిజిరెక్ పైకి చూసింది. అవును అనడానికి ఆ పిల్ల కళ్ళు పైకెత్తుతుంది.

పెరిజాత్ గారు పెరటి మధ్యలో మైకు పట్టుకుంది. సంస్థ ఇచ్చిన వాకర్ల వల్ల ఇవాళ ఒక పసివాడు మొదటి అడుగు వేయబోతున్నాడని చెప్పింది. ఆ మాటంటున్నప్పుడు గొంతు సరైన చోట వణికింది. ఎల్దార్‌కి తెల్లటి టోపీ పెట్టి, పట్టు చొక్కా వేసి చాప మీద నిలబెట్టారు. వాడి కాళ్ళకి ఎర్ర శాటిన్ రిబ్బను కట్టారు. ఉన్ని తాడు కెమెరాలో మురికిగా కనిపిస్తుందట.

పరుగుపందెం ఆయాలకే పెట్టారు. ఊళ్ళోవాళ్ళని పిలిస్తే భోజనాలు చాలవని. గేటు దగ్గర నుంచి చాప దాకా పరుగు. గెలిచినవాళ్ళకి ఒక తువ్వాలు. ఎనిమిది మంది వరసలో నిలబడ్డారు, ముప్పయ్యేళ్ళవాళ్ళ పక్కన యాభై ఎనిమిదేళ్ళ సోనున్ అక్క చెప్పులు విడిచి, గౌను పైకి దోపుకుని.

"నువ్వెందుకే ముసలమ్మా, మోకాళ్ళు విరుగుతాయి," అంది పక్కావిడ.

"నీకు తువ్వాలు కావాలి, నాకు కత్తి కావాలి. చూద్దాం ఎవరి ఆశ ఎంత దూరం పరిగెత్తుతుందో."

సగం దూరం వెళ్ళేసరికి టీవీ కెమెరా పక్కనుంచి కనిపించింది. ఏడుగురు జుట్టు సవరించుకున్నారు. సోనున్ అక్కకి సవరించుకోవడానికి జుట్టు లేదు, తలకి గుడ్డ ఉంది. తనే ముందు వచ్చింది. చాప అంచున ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఈల వేసినట్టు ఊపిరి పీల్చింది.

"శభాష్ అక్కయ్యా!" అంది పెరిజాత్ గారు. తువ్వాలు చేతిలో పెట్టి, ఫొటో తీయించుకుని, మెల్లగా పక్కకి జరిపింది. బంగారు రంగు కత్తెర తనే అందుకుంది. "బాబు నా అంతటివాడు కావాలని నేను కోస్తాను."

"పైవాడు అంత పని చెయ్యకుండుగాక," అంది సోనున్ అక్క రొప్పుతూనే.

వంటింటి గుమ్మంలో ఉమ్సునాయ్ నిలబడి చూస్తోంది. కనపడొద్దని డైరెక్టరు మూడుసార్లు చెప్పారు. మనవడి బందం కోత చూడకుండా ఏ నానమ్మ ఉండగలదు? ఎల్దార్ అంతమంది కొత్త ముఖాల మధ్య ఆవిణ్ణి పట్టేశాడు.

"నానీ!" అని కేక పెట్టాడు. "నానీ! నానీ!"

కాళ్ళకి రిబ్బను ఉందని వాడికేం తెలుసు. నానమ్మ వైపు ఉరికాడు. చాప అంచు దాటకుండానే ముక్కు నేలకి కొట్టుకున్నాడు. రక్తం తెల్లటి పట్టు చొక్కా మీద పడింది. ఉమ్సునాయ్ గరిటె అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చి వాణ్ణి ఎత్తుకుంది.

"నా తండ్రీ, నా బంగారుకొండా, మీ అమ్మకి నేనేం చెప్పనురా ఇప్పుడు!"

టీవీ కెమెరా పట్టుకున్నాయన, బొజ్జ ఉన్న నడివయసు మనిషి, కెమెరా కిందికి దించాడు. "మేడమ్, అనాథకి నానమ్మ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

డైరెక్టరు చొక్కా కాలరు సర్దుకున్నారు. పెరిజాత్ గారు ఆయన వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. అబద్ధం ఆడినందుకు కాదు ఆ కోపం. సరిగ్గా ఆడనందుకు.

"వ్యాను ఒకటిన్నరకి బయల్దేరాలి," అన్నాడు కెమెరా ఆయన. "నేను మళ్ళీ రాను. ఉంటే ఇంకెవరినైనా పెట్టండి, లేదంటే బెలూన్లు తీసుకుని పోతాను."

"ఎవరున్నారు?" ఆవిడ నలువైపులా చూసింది. "నిలబడగలిగినవాళ్ళు ఎవరైనా... ఒక్క నిమిషం..."

అప్పుడు నేను ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. ఏ పిల్లకి ఏ మాట ఎలా చెబితే ఎక్కుతుందో నాకు కొంత తెలుసు.

"కాళ్ళకి బందం వేసి ఉన్న పిల్ల ఒకతె ఉందండీ," అన్నాను. "నడుస్తుంది. తల కిందికి వంచే నడుస్తుంది, పాదాలు చూసుకోవాలి కాబట్టి. నోరు కనిపించదు."

ఆవిడ ఆలోచించింది. "టోపీ ఇంకొంచెం కిందికి లాగొచ్చా?"

"లాగొచ్చు."

అలా నేను అయిజిరెక్ టోపీ కళ్ళదాకా లాగాను. ఆ పని నా చేతులే చేశాయి. దుప్పటి తీసి, చంకల కింద చేతులు వేసి, చాప మొదట్లో నిలబెట్టాను. ఉన్ని తాడు చూసి కెమెరా ఆయన, "ఇదీ అసలైన తాడు, మా అమ్మ పేనేది," అన్నాడు.

పెరిజాత్ గారు మోకాళ్ళ మీద కూర్చుని, కత్తెర తాడుకి పెట్టి నొక్కింది. తెగలేదు. ఇంకోసారి నొక్కింది. దుకాణాలు తెరిచేటప్పుడు రిబ్బన్లు కోసే కత్తెర అది, బంగారు పూత ఉందిగానీ పదును లేదు. గట్టిగా పేనిన ఉన్ని దాని నోట్లో నలిగి ఊరుకుంది. ఆవిడ నవ్వు అలాగే ఉంచి, పళ్ళ సందునుంచి, "ఇదేమిటి, తీగా?" అంది.

అయిజిరెక్ ఊగుతోంది. బందంతో అంతసేపు నిలబడటం ఆ పిల్లకి ఎంత కష్టమో నాకు తెలుసు. నేను పట్టుకోబోయాను. సోనున్ అక్క నన్ను తోసుకుని వచ్చింది. గౌను జేబులోంచి సబ్బు కోసే కత్తి తీసి ఒక్క వేటున తాడు తెంపేసింది. పెరిజాత్ గారు వెనక్కి కూలబడింది.

"పందెం గెలిచింది నేను," అంది సోనున్ అక్క ఆవిడతో. తర్వాత పిల్ల వైపు తిరిగి, "నడువమ్మా. దుప్పట్లేం అడ్డం లేవు," అంది.

అయిజిరెక్ నడిచింది. ఒకటి. రెండు. మూడో అడుగు దగ్గర నడుము పక్కకి వంగిపోయింది, నిలదొక్కుకుంది. నేను లెక్కపెట్టడం ఆపలేకపోయాను. ఏడు అయింది. ఎనిమిది. తొమ్మిదో అడుగుకి సోనున్ అక్క ఒళ్ళో పడి, తల ఎత్తి, టోపీ ఊడిపోయి, నోరంతా తెరిచి నవ్వింది. ఆయాలు ఏడ్చారు. కెమెరా ఆయన కూడా చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

"అద్భుతం," అంది పెరిజాత్ గారు లేచి కోటు దులుపుకుంటూ. "ఇప్పుడు నేను కోస్తున్నట్టు మళ్ళీ ఒకసారి."

తెగిన తాడుని కాళ్ళకి మళ్ళీ చుట్టారు. ఆవిడ కత్తెర దాని పక్కన పెట్టుకుని కూర్చుంది. మొండి కత్తెర కాబట్టి ప్రమాదమేమీ లేదు. ఫొటోలు తీశారు.

డాక్టర్ కెమెల్ ఒంటిగంటకి మమ్మల్ని లోపలికి పిలిచాడు. ముందు పళ్ళెంలో ఎముకలు ఉన్నాయి. పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ కాగితం తీశాడు. అయిజిరెక్‌ని కుర్చీలో కూర్చోబెట్టాను.

"కుక్కకి ఎన్ని కాళ్ళు?" అన్నాడు.

అయిజిరెక్ కళ్ళు పైకెత్తింది.

"తెలుసు అంటోందండీ," అన్నాను. "నోటితో అంకెలు చెప్పడం రాదు. నాలుగా అని అడగండి, అవుననో కాదనో చెబుతుంది."

"టీచర్ గారూ, జవాబు నేనే చెబితే పరీక్ష నాకా, పిల్లకా?" తన మాటకి తనే నవ్వాడు. డైరెక్టరు కూడా నవ్వారు. "మంచు ఏ కాలంలో పడుతుంది?"

"డాక్టరుగారూ, ఈ పిల్ల ఇప్పుడే నడిచింది. తొమ్మిది అడుగులు. పెరట్లో అందరూ చూశారు. మళ్ళీ నడిపిస్తాను, ఒక్క నిమిషం చూడండి."

"నడక నా ఫారంలో రెండో పేజీలో ఉంది. మొదటి పేజీలో చదువు రాదని వస్తే రెండో పేజీ నింపక్కర్లేదు." కలం మూత తీశాడు. "కనుమ అవతల చోటు ఖాళీ ఉంది. నా మీద కోపగించకండి. ఫారం నేను తయారుచెయ్యలేదు."

కలం కాగితం మీద ఆనింది. ఎడమచేతి వైపు గడిలో. బయేల్ కాగితంలో కూడా ఆ గడిలోనే గుర్తు ఉంది.

తలుపు తోసుకుని పెరిజాత్ గారు వచ్చింది, వెనక కెమెరా ఆయనతో. వెళ్ళొస్తానని చెప్పడానికి వచ్చింది. అయిజిరెక్‌ని చూసి చేతులు చాచింది, ముట్టుకోకుండా.

"ఇదిగో నా చిట్టితల్లి! జోల్దోష్ గారూ, వచ్చే ఏడు క్యాలెండరు మొదటి పేజీ ఈ పిల్లదే. మే ఇరవై రెండుకి మళ్ళీ వస్తాను, ఏడాది తర్వాత ఎలా ఉందో చూపించాలి కదా. దాతలు అదే అడుగుతారు. 'ఆ పిల్ల ఏమైంది?' అంటారు."

"తప్పకుండా మేడమ్," అన్నారు డైరెక్టరు. అని, డాక్టరు చేతి వైపు చూశారు. డాక్టరు ఆవిడ వైపు చూశాడు, తర్వాత కెమెరా వైపు. కెమెరా మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది.

"వీళ్ళేనా కమిషన్?" అంది ఆవిడ. "మీరూ ఒక మాట చెప్పండి డాక్టరుగారూ, ఈ పిల్ల గురించి."

డాక్టర్ కెమెల్ పళ్ళుకుట్టే పుల్ల జేబులో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "పట్టుదల ఉన్న పిల్ల," అన్నాడు కెమెరాతో. "ఇలాంటి పిల్లలకి చదువు ఆపకూడదు." కలం ఎడమచేతి గడి నుంచి లేచి కుడిచేతి గడిలో దిగింది. కింద ఒక ఏడాది అని రాశాడు.

నేను కాగితం మీద తడి ఆరేదాకా చూశాను.

అయిజిరెక్ కుక్క కాళ్ళు లెక్కపెట్టగలదు. నడవగలదు. మూడేళ్ళు మంచులో నడక నేర్చుకుంది. వీటిలో ఏదీ ఆ పిల్లని ఇక్కడ ఉంచలేదు. గోడకి వేలాడే క్యాలెండరులో బొమ్మకి మనిషి కావాలి కాబట్టి ఉంచారు. పెరిజాత్ గారిని నేను ఎన్ని మాటలు అనుకున్నానో అన్నీ ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. అందులో ఒక్క అక్షరం మార్చను.

కానీ బయటికి వచ్చాక కెమెరా ఆయన వెనక నడిచాను. ఆయన మూతలు పెట్టుకుంటున్నాడు.

"అన్నా, ఇంకో అరగంట ఉంటారా? మిగతా పిల్లల ఫొటోలు తియ్యాలి. ఒక్కొక్కరికీ విడిగా, కింద పేరు వచ్చేలాగ."

"పొద్దున్నుంచీ నన్ను చూస్తే మొహం తిప్పుకున్నారు కదక్కా?"

"పొద్దున నాకు తెలీదు."

పెరిజాత్ గారు వినేసింది. కారు తలుపు తెరిచి ఉంచి నా దగ్గరికి వచ్చి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. అరచేయి చల్లగా ఉంది.

"చూశారా టీచర్ గారూ! చివరికి మా పని మీకూ అర్థమైంది."

"అర్థమైందండీ," అన్నాను. "క్యాలెండరుకి ఇంకా పదకొండు పేజీలు ఉంటాయి కదా. మా దగ్గర ఇంకా పదకొండుమంది ఉన్నారు. అందరినీ ఏడాది తర్వాత ఎలా ఉన్నారో చూపించండి."

ఆవిడ కళ్ళు మెరిశాయి. ఆ ఆలోచన ఆవిడదేనని సాయంత్రానికి నమ్ముతుంది. నమ్మనీ.

ఆయాలు పిల్లల ముఖాలు కడిగారు. సోనున్ అక్క గుమ్మంలో నిలబడి, గెలిచిన తువ్వాలుతో అయిజిరెక్ గడ్డం తుడుస్తూ, నన్ను ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది.

"నువ్వూ గీత మీద నడవడం మొదలుపెట్టావా టీచరమ్మా?" అంది.

"మొదలుపెట్టాను."

 తను తెగిన తాడు ముక్కలు రెండూ ఏరి జేబులో వేసుకుంది.

కెమెరా ఆయన బెంచీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఎవరితో మొదలుపెడదాం? చిన్నవాళ్ళతోనా?"

"బెక్తెన్‌తో," అన్నాను. "వాడికి సెప్టెంబరులో పదేళ్ళు నిండుతాయి. తర్వాత ఆ చివరి పిల్ల, ఆ పిల్లకి నవంబరు."

ఆయనకి ఆ లెక్క అర్థం కాలేదు, కానీ బెక్తెన్ వైపు కెమెరా తిప్పాడు. "చేతిలో ఏదైనా పెడితే బాగుంటుందక్కా. ఆ కుందేలు బొమ్మ ఇవ్వండి."

"బొమ్మ వద్దు," అన్నాను. వంటింట్లోకి వెళ్ళి చెంచా తెచ్చి, పిడికి గుడ్డ చుట్టి, వాడి వేళ్ళు ఒక్కొక్కటే దాని చుట్టూ మూశాను.